ఆయిల్ నిండుగానే ఉంది

సుమత్రా దీవిలోని పయకుంబు ఊళ్లో ఏ బండికి ఎప్పుడు ఆయిల్ మార్చాలో హెంద్రిజాల్‌కు కంఠతా వచ్చు. సొంత షెడ్డు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఆయిల్ మార్చకుండా బండి తోలేవాళ్లను చూస్తే అతనికి ఒళ్లు మంట. డాక్టరైనా, మసీదు పెద్దయినా మొహం మీదే చీవాట్లు పెట్టేవాడు. "తమరు మాత్రం పూటపూటా స్నానం చేస్తారు. దానికేమో ఏడాది పొడుగునా మురికినీళ్లా?" అనేవాడు. వాళ్లు నవ్వేసి, బండి అప్పగించి పోయేవారు.

అంతటి నోరూ భార్య ఇంటి గడప తొక్కగానే మూతపడేది.

ఆ ఇల్లు భార్య యుల్ఫితాది. అంతకుముందు ఆమె తల్లిది, ఆ తల్లి తల్లిది. అక్కడి ఆచారంలో ఆస్తి ఆడవాళ్లది, పెత్తనం మేనమామది. మొగుడన్నవాడు మర్యాద గల చుట్టం. పేరు పెట్టి పిలవరు, పెళ్లినాడు ఇచ్చిన బిరుదుతో "సుతాన్" అంటారు. చేపలో పెద్ద ముక్క అతనికే వేస్తారు. సలహా మాత్రం అడగరు. అడగని చోట నోరు విప్పిన అల్లుడిని ఊరంతా ఆడిపోసుకుంటుంది.

పంట డబ్బుతో ఆ ఇంటి ఆడవాళ్లు కొన్న ఏడు సీట్ల బండి తాళంచెవి కూడా యుల్ఫితా మేనమామ దాతుక్ జేబులోనే ఉండేది. ఆయన హెడ్మాస్టరుగా పనిచేసి దిగిపోయిన మనిషి. గురువారం గురువారం యుల్ఫితా వండిన రెండాంగ్ మాంసాన్ని, పక్కన ఆమెనూ ఎక్కించుకుని, ఘాట్ రోడ్డు మీదుగా పెకన్‌బారు పట్నంలోని హోటలుకు తానే తోలుకెళ్లేవాడు. ఒక్క వారం తప్పినా వేరే మనిషిని చూసుకుంటామని హోటలు వాళ్లు ముందే తేల్చి చెప్పారు.

హెంద్రిజాల్ ఒకసారి ధైర్యం చేశాడు. "మామయ్యా, ఆయిల్ మార్చే వేళైంది. షెడ్డుకి పంపితే గంటలో అయిపోద్ది."

దాతుక్ ఆయిల్ కొలిచే గేజి పుల్ల బయటికి లాగి, అందరికీ కనబడేలా ఎత్తి పట్టుకున్నాడు. "చూడు సుతాన్, ఆయిల్ నిండుగానే ఉంది. నిండుగా ఉన్నదాన్ని పారబోస్తారా ఎవరైనా? షెడ్డులో బేరాల్లేవా ఏంటి?"

వరండాలో ఉన్నవాళ్లందరూ ఘొల్లుమన్నారు. హెంద్రిజాల్ కూడా నవ్వాడు. పుల్ల చివర తారులా నల్లగా ఉన్న బొట్టును చూసి కూడా ఇంకో మాట అనలేదు. ఆ తర్వాత ఆయిల్ తగ్గినప్పుడల్లా దాతుక్ కాస్త పైన పోసేవాడు. పాత మడ్డి మీదే కొత్త ఆయిల్.

ఏడాది గడిచింది. ఒకరోజు యుల్ఫితా మెల్లగా అంది. "ఏవండీ, ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను గడగడా కొడుతోంది. మామయ్య మధ్యాహ్నం పడుకుంటాడుగా, తాళం నేను తెస్తా. మీకు గంట చాలు."

"దొంగతనంగానా? నోరు తెరిచి ఒక్కసారి 'సుతాన్, బండి చూడు' అనమను. పరిగెత్తుకొస్తా."

"ఆయన అనడు. మీకు తెల్సు."

"అయితే నేనూ చెయ్యను."

ఇది పరువు అనుకున్నాడు. ఆచారం అని కూడా అనుకున్నాడు. ఆ ఆచారం ఆ పూట అతనికి బాగా అక్కరకొచ్చింది.

తర్వాతి గురువారమే ఘాట్ సగంలో ఇంజను పట్టేసింది. లారీ దొరికి మాంసం పెకన్‌బారు చేరేసరికి సాయంత్రమైంది. హోటలు వంటింట్లో అప్పటికే ఇంకొకరి రెండాంగ్ ఉంది. యుల్ఫితా తన గిన్నెలు తాను వెనక్కి తెచ్చుకుంది.

ఇంజను విప్పింది హెంద్రిజాలే. అడుగున ఆయిల్ లేదు, మాడి అడుగంటిన కూరలాంటి ముద్ద ఉంది. చేతులు కడుక్కుని వచ్చేసరికి ఇంట్లో అందరూ చేరారు.

"ఇంట్లో మెకానిక్కుని పెట్టుకుని బండిని చంపుకున్నామంటే నలుగురూ ఏమంటారు?" అన్నాడు దాతుక్. "తెలిసినవాడివి, చెప్పొద్దా సుతాన్?"

"చెప్పాను మామయ్యా."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

"షెడ్డుకొచ్చినవాళ్లకీ ఒక్కసారేనా చెప్పేది?"

హెంద్రిజాల్‌కు ముసలాయన మీద ఒళ్లు మండిపోయింది, కానీ ఆ మాటలో అబద్ధం లేదు. బండిని తుక్కు కింద అమ్మేద్దామని అక్కడే తేల్చేశారు. అదీ అతన్ని అడగలేదు.

వంటింట్లో యుల్ఫితా పెద్ద మూకుడు తోముతోంది. అతను వెళ్లి పీట మీద కూర్చున్నాడు. "చూశావా, తప్పంతా నా నెత్తిన రుద్దాడు."

"ఆయనకి ఇంజను సంగతి తెలీదండీ. మీకు తెల్సు. తెలిసి నన్ను వారం వారం ఆ బండెక్కించారు. ఎప్పుడు ఆగుద్దా అని కాచుక్కూచున్నారు. ఔనా, కాదా?"

కాదనబోయాడు. బండి ఆగిందని ఫోన్ వచ్చిన క్షణాన తనకు ముందుగా కలిగింది బాధ కాదు, సంతోషం. అది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఔను," అన్నాడు.

యుల్ఫితా మూకుడు బోర్లించి, చేతులు తుడుచుకుంది.

"అయితే ఇవాళ్టి నుంచి మీ అమ్మగారింట్లోనే పడుకోండి. అది ఘాట్‌లో ఆగాలని కోరుకున్నారు. అందులో నేనున్నానండీ."