కోటు జేబులో రొద

ఏ బృందంలో నిలబెట్టినా ఇట్టే ఇమిడిపోతాడని ఆయనకి 'సర్దుబాటుగారు' అనే పేరు స్థిరపడిపోయింది. మనిషికంటే ఎత్తున్న డబుల్ బేస్ అనే చెక్క తీగవాద్యాన్ని ఒంటికి ఆనించుకుని, జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ జాజ్ వాయిస్తున్నాడు. మధ్యమధ్య నాటకాలకీ, సబ్బు ప్రకటనలకీ, ఒకసారి సర్కస్‌కీ వాయించాడు. ఏనుగు తాళం తప్పితే దానికీ సర్దుకున్నాడని డ్రమ్ములు వాయించే బావమరిది ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు.

అలాంటి మనిషికి ఈమధ్య కంటిమీద కునుకు లేదు. కింది స్వరాలు పట్టుకున్నప్పుడల్లా బేస్‌లోంచి జిర్రుమని రొద. వేలు తీగని గట్టిగా నొక్కలేకపోతే వచ్చే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ల చప్పుడది. ఇంట్లో బనీనుతో వాయించుకుంటే రాదు, బృందం మధ్య కోటేసుకుని నిలబడితే చాలు, తయారు! నలుగురిలో చెయ్యి వణుకుతోందన్నమాట. ఇక మానేస్తానని ఈ రోజు చెప్పేద్దామనే సాధన గదికి వచ్చాడు.

"నీతో ఒక మాట చెప్పాలమ్మా," అన్నాడు, బృందాన్ని నడిపే పియానో ఆవిడతో.

"తర్వాత చెబుదువుగాని అన్నయ్యా. ముందు ఈ కొత్త పాట చూడు," అంటూ ఆవిడ కాయితం చేతిలో పెట్టింది.

నలుగురిలో కళ్లద్దాలు పెట్టుకోవడం ఆయనకి నామోషీ. ఎప్పుడూ నడవాలోకి వెళ్లి చదివేసి, అద్దాల డబ్బాని కోటు జేబులో దాచేసి, అన్నీ కంఠతా వచ్చినట్టు తిరిగొస్తాడు. ఇప్పుడూ తలుపు వైపు కదిలాడు.

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. జేబులోవి తీసి ఇక్కడే పెట్టుకో. అందరికీ తెలుసులే," అంది ఆవిడ.

ఆయన మొహం కందగడ్డయింది. జేబులోంచి అద్దాల రేకు డబ్బా తీసి పియానో మీద పెట్టి, అద్దాలు తగిలించుకున్నాడు. వాయించాడు. అన్నిటికన్నా కింది స్వరం గదంతా నిండుగా మోగింది. రొద లేదు. మళ్లీ వాయించాడు. లేదు. ఏదో అనుమానం వచ్చి, డబ్బాని జేబులో వేసుకుని బేస్‌ని ఒంటికి ఆనించుకున్నాడు. జిర్ర్!

బావమరిది పుల్లలు కింద పడేసి పగలబడి నవ్వాడు. "నీ చెయ్యి పట్టు తప్పిందేమోనని మేమంతా నోళ్లు కుట్టుకుని కూర్చున్నాం కదా బావా! చెక్కకి డబ్బా తగిలి మోగుతోందా?"

సర్దుబాటుగారికి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఎంత హాయిగా ఉందంటే, అక్కడే కూర్చుని ఏడ్చేయాలనిపించింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. అద్దాలు మళ్లీ పెట్టుకుని బావమరిదిని తేరిపార చూశాడు. "ఓరి నీ, నీ తల ఎప్పుడు నెరిసిందిరా?"

"ఇందాక ఏదో చెప్పాలన్నావు?" అని పియానో ఆవిడ గుర్తుచేసింది.

"అదా, ఏం లేదమ్మా," అన్నాడు ఆయన, కాయితం సరిచేసుకుంటూ. "ఇకనుంచి కాస్త పెద్ద అక్షరాలతో రాయమని."