సామ్రాజ్యం చెయ్యి

సాయంత్రం పొయ్యి మీద ఎసరు పెట్టి, చేతులు పొడిగా తుడుచుకుని, సామ్రాజ్యం వీధిలోకి బయల్దేరేది. రేపల్లెలో లూథరన్ చర్చి వెనక వీధి అది. కేబుల్ వైరు ఆ చివరికి వచ్చేసరికి నీరసపడిపోయేది. ఏ ఇంట్లో చూసినా టీవీలో చుక్కలు, గీతలు, ప్రతి మనిషి పక్కనా ఇంకో నీడమనిషి. ఆమె వెళ్ళి టీవీ నెత్తిన చెయ్యి పెడితే చాలు, బొమ్మ తేరుకునేది. వార్తలు చదివే అమ్మాయి ముక్కుపుడక దాకా కనపడేది.

"సామ్రాజ్యమక్కా, మా ఇంటికి కూడా ఓసారి రా" అని గుమ్మాల్లోంచి పిలిచేవాళ్ళు.

జాకెట్లు కుట్టుకునే చేతికి ఆ గుణం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు. కొందరు నాటితే కరివేపాకు బతుకుతుంది, కొందరు పెడితే ఆవకాయ బూజు పట్టదు. ఇదీ అలాంటిదే అనుకున్నారు.

కేబుల్ నడిపేది రాఘవయ్య. స్తంభం ఎక్కి కూడా కింద వెళ్ళేవాళ్ళని పలకరించకుండా ఉండలేని మనిషి. 2017లో అందరూ టీవీకి సెట్‌టాప్ బాక్సులు పెట్టుకోవాల్సిందే అని ప్రభుత్వం అన్నప్పుడు, అతనే ఇంటింటికీ తెచ్చి బిగించాడు.

"ఏంటి రాఘవయ్యా, దీనికీ పాతదానికీ తేడా?" అనడిగింది సామ్రాజ్యం.

"పాతదాంట్లో సిగ్నల్ తగ్గేకొద్దీ బొమ్మ మసకబారుతుందక్కా. ఎంత మసకబారినా లోపల మనిషున్నాడని తెలుస్తుంది. ఇది డిజిటల్, అంతా అంకెల లెక్క. సరిపడా సిగ్నల్ అందితే అద్దంలా వస్తుంది. అందలేదా, గళ్ళు గళ్ళుగా బిగుసుకుపోయి, ఆనక అసలే రాదు. మధ్యరకం లేదు." నవ్వాడు. "ఇక నీ చేతికి సెలవక్కా."

ఆమె కూడా నవ్వింది. మర్నాడు సాయంత్రం మాత్రం చేతులు తుడుచుకుని గుమ్మం దాకా వచ్చి, ఎటు వెళ్ళాలో తోచక నిలబడిపోయింది. ఓసారి వానకి ఎదురింట్లో బొమ్మ బిగుసుకుపోతే ఆశగా వెళ్ళి చెయ్యి పెట్టింది. ఏమీ కాలేదు. "బాక్సు ఆపి మళ్ళీ వేస్తే అదే వస్తుందిలే పిన్నీ" అంది ఆ ఇంటి కోడలు. తర్వాత సామ్రాజ్యం ఆ పనిమీద ఎవరింటికీ వెళ్ళలేదు.

ఏళ్ళు గడిచాయి. ఈ వేసవిలో రాఘవయ్యకి పక్షవాతం వచ్చింది. గుంటూరు ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడిచెయ్యీ పడిపోయింది, మాటా పోయింది. నోరు తెరిస్తే ఒకటే గరగర. మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు డాక్టరు. మొదట్లో చూడొచ్చినవాళ్ళు అతనితో మాట్లాడేవాళ్ళు. పోనుపోను అతని భార్య తనూజతోనే మాట్లాడసాగారు, అతని ఎదుటే, "పాపం, ఏం తెలుస్తుందిలే" అంటూ. చివరికి తనూజ కూడా అతన్ని ఏదీ అడగడం మానేసింది.

బాపట్ల నుంచి ఆమె అన్న లక్ష్మీనరసింహం వచ్చాడు. తెనాలి దగ్గర ఇలాంటివాళ్ళని చూసుకునే ఆశ్రమం ఉందట, అన్నీ మాట్లాడే వచ్చాడు. "నువ్వు మా ఇంటికొచ్చెయ్ చెల్లాయ్. ఒక్కదానివీ ఎన్నాళ్ళు మొయ్యగలవు? ఆయనకి ఎక్కడున్నా ఒకటే" అన్నాడు. అంటూ కళ్ళు తుడుచుకున్నాడు కూడా.

ఆశ్రమానికి తీసుకెళ్ళే కారు వచ్చిన పొద్దున సామ్రాజ్యం అతన్ని చివరిసారి చూసిపోదామని వెళ్ళింది. తనూజ చెంచాతో టీ పడుతోంది. రాఘవయ్య గరగరమంటూ తల తిప్పేసుకున్నాడు. టీ చొక్కా మీద ఒలికింది.

"చూశావా వదినా, రోజూ ఇంతే" అంటూ తనూజ గుడ్డ కోసం లోపలికి వెళ్ళింది.

సామ్రాజ్యం అతని చొక్కా కాలరు సర్ది, ఏమీ అనుకోకుండానే నెత్తిన చెయ్యి పెట్టింది.

గరగర సన్నబడింది. దాని అడుగున, ఎక్కడో దూరపు ఊరి నుంచి వస్తున్నట్టు, ఒక మాట.

"...పంచ... దార..."

ఆమె చెయ్యి తియ్యలేదు. "తనూజా, ఇట్రా!"

"...పంచదార లేదు... రోజూ... చెప్తున్నా..."

గుడ్డ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది తనూజ. "డాక్టరు వద్దన్నారండీ" అంది. ఆ మాట అంటూనే ఏడుపు ముంచుకొచ్చింది. ఆస్పత్రి నుంచి వచ్చాక మొగుడికి ఆమె చెప్పిన మొదటి జవాబు అది.

"...ఒక్క... చెంచా..."

"చెల్లాయ్, ఎండెక్కుతోంది, డ్రైవరు తొందరపడుతున్నాడు" అంటూ లక్ష్మీనరసింహం వచ్చాడు. రాఘవయ్య పెదాలు మళ్ళీ కదులుతున్నాయి. ఈసారి గరగరే ఎక్కువ, మాట ఇంకా చిక్కలేదు. తనూజ అతని కాళ్ళ దగ్గర చతికిలబడి చెవి ఒగ్గింది. వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి అన్నని ఆపింది.

"ఉండన్నయ్యా. ఆయన మాట్లాడుతున్నారు."

లక్ష్మీనరసింహం బయటికి వెళ్ళి కారు పంపేసి వచ్చాడు. చెప్పులు విడిచి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఈ ఇంటికొచ్చాక మొదటిసారి రాఘవయ్య మొహంలోకి చూశాడు.

"చెప్పండి బావగారూ" అన్నాడు.