ఉత్తర సింహద్వారం

పదిహేడో రసీదు ఫొటో తీసేసరికి పెనం మీద పెసరట్టు మాడింది. "వాసనొస్తోంది దుర్గా!" అని ముందుగదిలోంచి కేకేశాడు యజ్ఞనారాయణ. వాసన పట్టగలిగిన మనిషి లేచొచ్చి స్టవ్ కూడా కట్టేయగలడు కదా అని అనుకోవడం కనకదుర్గ ఎప్పుడో మానేసింది. పెళ్లై ముప్పై నాలుగేళ్లయింది మరి. మాడిన అట్టు తన కంచంలో వేసుకుని, ఆయనకు ఇంకోటి పోసింది.

ఇంట్లో వేడి వృథాగా పోకుండా మార్పులు చేయించుకుంటే ఖర్చులో కొంత ప్రభుత్వం వెనక్కిస్తుందన్న సంగతి మొదట రేడియోలో విన్నది యజ్ఞనారాయణే. ఇల్లు వెచ్చబరిచే పాత ఆయిల్ ఫర్నేస్ తీసేసి కరెంటుతో నడిచే హీట్ పంప్ పెట్టించుకోవాలి, అటక మీద వేడి పోకుండా ఆపే ఇన్సులేషన్ వేయించాలి, కిటికీల సందులు మూయించాలి. పనికి ముందొకసారి, తర్వాతొకసారి ఇల్లు తనిఖీ చేయించాలి. "మనం కూడా అప్లై చేసేద్దాం" అన్నాడాయన ఉత్సాహంగా. ఆ ఇంట్లో 'మనం' అంటే ఎవరో కనకదుర్గకు బాగా తెలుసు.

కెనడాలో, ఈ హాలిఫాక్స్ యూనివర్సిటీలోనే ఇరవై ఆరేళ్లు వేడి ఎటునుంచి ఎటు ప్రయాణిస్తుందో పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్ ఆయన. సొంతింట్లో వేడి ఎటు పోతోందో మాత్రం ఏనాడూ చూడలేదు. ఆమె ఇంకా రిటైర్ కాలేదు. రోజూ ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డుకు వెళ్లి, ఆసుపత్రిలో రోగులకు అపాయింట్‌మెంట్లు ఇచ్చే కౌంటర్లో పనిచేస్తుంది. మధ్యాహ్నం భోజనం టైములో కాంట్రాక్టర్లకు ఫోన్లు చేసింది. ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకుంది. తనిఖీకొక సెలవు, పనివాళ్లకు మూడు సెలవులు పెట్టింది. అటక మీదికి దారి బట్టల అల్మారాలోంచే కనుక అల్మారా మొత్తం ఖాళీ చేసి, వాళ్లు వెళ్లాక ఇల్లంతా రాలిన దూదిలాంటి నుసి ఊడ్చి, బట్టలన్నీ ఉతికి మళ్లీ సర్దింది. ఆదివారం తెలుగువాళ్లంతా తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో యజ్ఞనారాయణ పులిహోర తింటూ హీట్ పంప్ ఎలా పనిచేస్తుందో నలుగురికీ వివరించాడు. "ఆ ఫారాలేవో ఇదిగో ఈ రాఘవులు గారికి కూడా కాస్త నింపిపెట్టు దుర్గా, నీకు అలవాటైందిగా" అన్నాడు చివర్లో. ఊరికే ఉన్నవాడికి ఉపకారం చేయడం ఎంత తేలికో!

ఈ మొత్తం తతంగంలో కనకదుర్గకు నచ్చిన రోజు ఒకటే ఒకటి. మొదటి తనిఖీకి ఒక అమ్మాయి వచ్చింది. పెరటి తలుపు స్థానంలో పెద్ద ఫ్యాన్ బిగించి ఇంట్లో గాలంతా బయటికి లాగేసరికి, ఎక్కడెక్కడి సందుల్లోంచో చలిగాలి లోపలికి ఈలలు వేసుకుంటూ వచ్చింది. ఆ అమ్మాయి యంత్రం పట్టుకుని వెతుకుతుంటే కనకదుర్గ ఒక్కడుగు ముందుండి చూపించింది. సింక్ కింద పైపు పక్కన, పచారీ అల్మారా వెనక, కూతురు ధాత్రి గది కిటికీ ఎడమ మూల. ప్రతిచోటా ఆమె ఎన్నడో కూరిన పాత నేతచీర ముక్కో, ధాత్రి బళ్లో వేసుకున్న సాక్సో ఉంది. "సగం పని మీరే చేసేశారే! ఈ ఇల్లు మీకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు" అని ఆ అమ్మాయి నవ్వింది. కనకదుర్గకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తనకు తెలుసని ఒకరు ఒప్పుకోవడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

అన్నిటికంటే ఎక్కువ చలి వచ్చేది మాత్రం వీధి తలుపు చుట్టూనేనని తేల్చిందా అమ్మాయి. ఉత్తరం వైపు తలుపు, ఎదురుగా హార్బర్ గాలి. రాక చస్తుందా? కానీ ఇరవై రెండేళ్ల కిందట ఆ తలుపు చూసే కదా ఈ ఇల్లు కొన్నది! తెనాలి నుంచి అత్తగారు ఫోన్లో సిద్ధాంతి గారి మాట చేరవేసింది. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి ఎవరికి ఏ దిక్కు కలిసొస్తుందో ఆయన లెక్క కట్టారట. 'మావాడిది య వర్గు. ఉత్తర సింహద్వారం దివ్యంగా ఉంటుందన్నారు. ఇంకేం చూడకండి, కొనేయండి' అంది. కనకదుర్గ పేరు ఆ దిక్కుకు అంతగా పొసగదని కూడా అంది. కాగితాల్లో ముందు ఆయన పేరు, తర్వాత తన పేరు రాస్తారు కాబోలనుకుంది కనకదుర్గ. లాయర్ ఆఫీసులో భర్త వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. ఇల్లు కొన్న సంతోషంలో కాగితాలు చదివేదెవరు?

రెండో తనిఖీ కూడా ముగిశాక రసీదులన్నీ జతచేసి దరఖాస్తు పంపింది. ఫోన్ నంబరు తనది, ఈమెయిల్ తనది, పనంతా తనది కనుక దరఖాస్తుదారు పేరు దగ్గర కనకదుర్గ అనే రాసింది. పది రోజులకు జవాబు వచ్చింది. ఈ ఇంటి యజమానుల్లో ఆ పేరు లేదట. ముప్పై రోజుల్లోపు అసలు యజమాని పేరుతో మళ్లీ పంపకపోతే దరఖాస్తు చెల్లదట.

ఏదో పొరపాటు జరిగిందనుకుని ఆఫీసుకు ఫోన్ చేసింది. వాళ్లు మళ్లీ చూసి అదే మాట చెప్పారు. అప్పుడు బేస్‌మెంట్‌లో పెట్టె తెరిచి పాత ఫైలు తీసింది. తన సంతకం ఉంది, గుండ్రంగా, శ్రద్ధగా. దాని పైన ఉన్న మాటలు ఇరవై రెండేళ్ల తర్వాత మొదటిసారి చదివింది. భర్త తన ఇంటిని బ్యాంకుకు తాకట్టు పెట్టుకోవడానికి భార్యగా తనకు అభ్యంతరం లేదని రాసి ఉంది.

"అవును మరి. నీ పేరు కలిపితే దోషమన్నారుగా సిద్ధాంతి గారు. నీకు చెప్పాననుకున్నానే!" అన్నాడు యజ్ఞనారాయణ, టీవీ మీంచి చూపు తిప్పకుండా.

"చెప్పలేదండి."

"సరేలే, ఇప్పుడేమైంది? నా పేరు పెట్టి మళ్లీ పంపెయ్. పదినిమిషాల పని."

పదినిమిషాల పని. కూర వండటం పదినిమిషాల పని, ఆయన అమ్మకు వారం వారం ఫోన్ చేయడం పదినిమిషాల పని, మంచు తవ్వడం పోనీ ఇరవై. అన్నీ కలిపితే ఒక జన్మ. కౌంటర్లో నిలబడి నిలబడి మడమలు వాచి ఇంటికొస్తే, 'ఎంతైనా సొంతిల్లు' అనుకునేది. ఆ ఒక్క మాటతో ఎన్ని సాయంత్రాలు లేచి వంటింట్లోకి నడిచిందో! ఆమె జీతం రెండు వారాలకోసారి వచ్చినట్టే వచ్చి ఇంటి లోన్‌లోకి జారిపోయేది. ఆ డబ్బుకు దోషం లేదు. ఆమె చేతులకు దోషం లేదు. పేరుకే వచ్చింది. కోపం రావాలి నిజానికి. రాలేదు. ఒళ్లంతా ఇసుక నింపినట్టు అలసట వచ్చింది, అంతే. ఇరవై రెండేళ్లుగా ఎవరింటి సందుల్లోనో తన చీరలు కూరిందన్నమాట.

కూతురికి ఫోన్ చేసింది. ధాత్రి మిస్సిసాగాలో మీటింగుల మధ్యలో ఉంది. "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ ఫారమ్. పుట్ డాడ్స్ నేమ్ అండ్ బి డన్" అంది. కూతురుది తప్పుకాదు. ఇల్లంటే ఫారాలు అవంతటవే నిండే చోటని ఆ పిల్లను పెంచింది తనే.

రెండు రోజులు ఆలోచించి, కాఫీ చేతికిస్తూ అడిగింది. "ఇంటికి నా పేరు కూడా ఎక్కించండి. తర్వాత ఇద్దరి పేరునా పంపుతాను."

యజ్ఞనారాయణ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చంటిపిల్ల ఏదో అడిగితే నవ్వినట్టు. "ఈ వయసులో లాయర్ల చుట్టూ తిరగడమా? పిచ్చిదానా, నేను పోయాక అంతా నీదే కదే."

అంటే ఇల్లు తనది కావాలంటే ముందు ఈయన పోవాలి. ఈ మాట ప్రేమగానే అన్నాడాయన, అదే కనకదుర్గను ఎక్కువ భయపెట్టింది. ఆ రోజు నుంచి ఆ దరఖాస్తు ముట్టుకోలేదు.

ముప్పయ్యో రోజు ఆసుపత్రి నుంచి వచ్చి, కాళ్లు స్టూలు మీద చాపుకుని కూర్చుంది. "పంపేశావా?" అన్నాడాయన.

"లేదండి."

"గడువు ఇవాళేగా!"

"అవునండి. యజమాని పంపాలన్నారు."

ఆయన విసురుగా వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాస్‌వర్డ్ ఏమిటన్నాడు. చెప్పింది. రసీదులెక్కడన్నాడు. నీలం ఫోల్డర్లో అంది. అటక ఎన్ని చదరపు అడుగులు, పాత ఫర్నేస్ ఏ సంవత్సరానిది, రెండో తనిఖీ నంబరెంత? అడిగినదానికల్లా కూర్చున్న చోటునుంచే జవాబు చెప్పింది. లేవలేదు. లేవాలని కాళ్లు రెండుసార్లు కదిలాయి, అలవాటు కొద్దీ. ఆపుకుంది. ఏడో ఫొటో దగ్గర పేజీ ఆగిపోయి, నింపినదంతా చెరిగిపోయింది. యజ్ఞనారాయణ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"నువ్వలా కూర్చుని చూస్తావేమే? అన్నీ నేనే చూసుకోవడానికి ఇదేమన్నా నా ఒక్కడి ఇల్లా?"

"అవునండి," అంది కనకదుర్గ. "నాకూ ఈ మధ్యే తెలిసింది."