ముడి విప్పని సంచులు

స్వర్ణముఖి పొంగి ఇళ్లు కొట్టుకుపోయిన యేటికి మూడో యేడు అది. చంద్రగిరి పక్క పల్లెలో కొత్త గుడికి కుంభాభిషేకం. గోపురం మీద విమానంలోంచి పూలు చల్లిస్తామని గుడి పెద్దలు ఊరూరా చెప్పుకున్నారు. బంతిపూలు ఇచ్చింది తిరుచానూరు దగ్గర తోట చేసే చిన్నబ్బ. మూడు సంచులు.

ఆ చిన్న విమానం గుడిదాకా రానే లేదు. దారిలో ఇంజను ఆగిపోయి చెనిక్కాయ చేలో పడింది. లోపలున్న ఇద్దరూ బతికారు గానీ నోరు తెరిచే స్థితిలో లేరు. విమానం కంపెనీ మేనేజరు భానుచందర్ మాత్రం టీవీ వాళ్ల ముందు బాగానే తెరిచాడు. "తడిపూలు ఇచ్చినారు. చల్లేటప్పుడు ఇంజన్లోకి పోయినాయి" అన్నాడు.

అంతే, చిన్నబ్బ పూలు ఎవరూ తాకలేదు. ఏళ్ల తరబడి తిరుచానూరు అమ్మవారి గుడి ముందర అతని పూలే అమ్ముతున్న పంకజాక్షి కూడా తట్ట పక్కకు జరుపుకుంది.

"ఇమానం కూల్చిన పూలంట కదన్నా. కొనేవాళ్లు నవ్వతా ఉండారు. నన్నేం చెయ్యమంటావు?"

చిన్నబ్బ సంచి భుజాన వేసుకుని తిరిగొచ్చాడు.

"నోరు యాడ పెట్టుకున్నావు?" అంది భార్య మునెమ్మ. "తోట పోతే ఏం తిందాం? ఆకాశం సూస్తా కూర్సుందామా? పోయి ఆ ఇమానం కాడుండే సార్లను అడుగు."

పోయాడు. విమానం ఇంకా చేలోనే ఉంది. కాపలా కానిస్టేబుల్ ఢిల్లీబాబు, "ఏం తాతా, ఇంకో సంచి తెచ్చినావా?" అని ఎకసెక్కమాడాడు. విచారణకు వచ్చిన అధికారి అతన్ని ఊరుకోమని, చిన్నబ్బను దగ్గరికి పిలిచాడు.

చిన్నబ్బ విమానం లోపలికి వేలు చూపాడు. మూడు సంచులూ ఒకదాని మీద ఒకటి నలిగి, కుళ్లువాసన కొడుతున్నాయి. మూతులకు అరటినార.

"నేనేసిన ముళ్లు సారూ. ఎవురూ ఇప్పలేదు."

అధికారి వంగి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పు పూలది కాదు పెద్దాయనా. ఇంజను తనిఖీ గడువు ఎప్పుడో దాటిపోయింది. పూలు చల్లడానికి అనుమతీ లేదు. అదే రాస్తాను."

"టీవీలో చెప్తారా సారూ?"

"అది నా పని కాదు."

సాయంత్రం పంకజాక్షికి చెప్పాడు. "నేను నమ్మతానన్నా. యాడి పూలని అడిగేవాళ్లకి ఏం చెప్పేది?" అంది.

"నువ్వు చెప్పొద్దులే."

మర్నాడు పొద్దున్నే పూలు కోశాడు. కోయకుంటే చెట్టు పాడవుతుంది. పంకజాక్షి పక్కనే గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాడు. ఎన్నడూ చెయ్యని పని, మోకాళ్లు పట్టేశాయి. ఒకామె ఆగింది.

"యాడి పూలు ఇవి?"

"నా తోటవే. ఆ ఇమానంలో పెట్టిందీ నా పూలే" అన్నాడు చిన్నబ్బ. సంచి ముడి విప్పి, పూలు కుప్పగా పోసి, వాటి మీద నీళ్లు చల్లాడు.