పది వాక్యాలూ తప్పు లేకుండా

టీచరమ్మకి అనుమానం ఎక్కువ. గుమ్మంలో ఈగ వాలినా ఎందుకు వాలిందో ఆరా తీస్తేగానీ కుదురుగా కూర్చోలేదు. అలాంటి మనిషి చేతిలో మడతలక్క హోంవర్కు పడింది. ఇంకేముంది!

ఒక పెద్ద హోటల్లో పనిచేసే పన్నెండుమందికి టీచరమ్మ మధ్యాహ్నం పూట ఇంగ్లీషు చెబుతుంది. ఆ వారం పాఠం ‘ఎనఫ్’ అనే మాట. దానితో సొంతంగా పది వాక్యాలు రాసుకురావాలి. మనం ‘తగినంత వేడి’ అంటాం కదా, ఇంగ్లీషువాళ్ళు ఆ ‘తగినంత’ని వెనక్కి నెట్టి ‘హాట్ ఎనఫ్’ అంటారు. ఇంతే సంగతి. అయినా పదకొండుమంది పప్పులో కాలేశారు. వంటవాడు, తోటమాలి, లిఫ్టు మనిషి, అందరూ ఆ మాటని తీసుకెళ్ళి ముందే పెట్టారు. నేలమాళిగలో దుప్పట్లు ఇస్త్రీ చేసే మడతలక్క మాత్రం పదికి పది తప్పు లేకుండా రాసింది.

మడతలక్క! గుడ్ మార్నింగ్ చెప్పడానికే నాలుగుసార్లు గుటకలు మింగే మనిషి!

మామూలు హోంవర్కయితే పోనీలే అనుకోవచ్చు. ఇందులో నెగ్గిన ఒక్కరికి పైన ఫోన్ దగ్గర కూర్చునే పనిస్తారు. పదకొండేళ్ళుగా ఆవిరి యంత్రం ముందు నిలబడి మడతలక్క కాళ్ళు వాచిపోయాయి. ఇక నిలబడే పని మానెయ్యమని డాక్టరు గట్టిగానే చెప్పాడు. కాపీ అని తేలితే మాత్రం పేరు కొట్టేసి, క్లాసులోంచే పంపేస్తారు. సాయంత్రం ఐదింటికల్లా టీచరమ్మ ఒక పేరు పంపాలి.

“ఇంట్లో ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అక్కా?” అని క్లాసు అవగానే కూపీ లాగింది.

“మా కోడలుంది టీచర్. బ్యాంకులో చేస్తుంది.”

“ఓహో!” అంది టీచరమ్మ. ఆ ఓహోలో సగం తీర్పు అయిపోయింది.

పైగా ఆ వాక్యాలేమిటి? తువ్వాలు తగినంత మెత్తగా లేదు. దుప్పటి తగినంత తెల్లగా లేదు. కాలరు తగినంత బిరుసుగా లేదు. పదింటికి పదీ వంకలే, ప్రతిదాంట్లోనూ ‘నాట్’. పాఠం చెప్పేటప్పుడు ఇలాంటివి ఒక్కటీ చెప్పలేదు కదా? ఏదో పుస్తకంలోంచి ఎత్తిరాసిందనీ, కోడలు పక్కన కూర్చుని రాయించిందనీ టీచరమ్మ తేల్చేసుకుంది. దొంగని దొంగిలించినచోటే పట్టుకోవాలని మూడింటికి చెప్పాపెట్టకుండా నేలమాళిగకి దిగింది.

కింద ఆవిరికి ఊపిరాడలేదు. మడతలక్క ఒక పెద్ద దుప్పటిని అంచుకి అంచు కలిపి మడుస్తోంది. ఆమె వెనక గోడకి ఆ మూల నుంచి ఈ మూలకి నాలుగు తీగలు, వాటి నిండా పిన్నులతో గుచ్చిన చీటీలు.

“ఏమిటక్కా ఇవన్నీ?”

“తిరిగొచ్చిన బట్టలతో వచ్చిన చీటీలు టీచర్. గదుల్లో ఉండేవాళ్ళు వంక రాసి పంపుతారు. నా చేతి బట్టయితే దానిమీద నేను సంతకం పెట్టి ఇక్కడ గుచ్చాలి. ఆ తర్వాత తీయకూడదు.”

టీచరమ్మ దగ్గరికెళ్ళి చదివింది. నాట్ సాఫ్ట్ ఎనఫ్. నాట్ వైట్ ఎనఫ్. నాట్ డ్రై ఎనఫ్. పదకొండేళ్ళ చీటీలు. ప్రతిదాని కింద వంకర అక్షరాలతో ఒకటే సంతకం.

“మొదట్లో మా కోడలి చేత చదివించుకునేదాన్ని. ఒకరోజు చదువుతూ చదువుతూ ఏడ్చేసింది పిచ్చిపిల్ల. ఇక దాన్ని బాధపెట్టడం ఎందుకని నేనే కూడబలుక్కోవడం మొదలెట్టా.”

టీచరమ్మ మాత్రం అంత తేలిగ్గా లొంగే రకమా! “సరే, ‘నాట్’ లేకుండా ఒక వాక్యం చెప్పండి చూద్దాం” అంది.

మడతలక్క చేతిలో దుప్పటి ఆగిపోయింది. “లేకుండా కూడా అంటారా టీచర్?”

ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. టీచరమ్మ మళ్ళీ గోడవైపు తిరిగింది. చివరి తీగ మీద, అన్నిటికన్నా కొత్త కాగితం తన క్లాసుదే. మొదటివారం పరీక్ష. అడ్డంగా తన ఎర్రసిరా: నాట్ గుడ్ ఎనఫ్. కింద సంతకం.

“ఇది... ఇదెందుకిక్కడ పెట్టారక్కా?”

“తిరిగొచ్చింది కదా టీచర్. నా చేతిదే.”

టీచరమ్మ సంచిలోంచి ఐదింటికి పంపాల్సిన కాగితం తీసి, ఇస్త్రీ బల్ల మీదే పరిచి, మడతలక్క పేరు రాసి సంతకం పెట్టింది. పెడుతుంటే కళ్ళు మసకబారాయి.

“మీరు కాపీ కొట్టారనుకున్నానక్కా. పట్టుకుందామనే వచ్చాను. నాకు బుద్ధిలేదు.”

“ఆ ఓహో అన్నప్పుడే తెలిసింది టీచర్” అని నవ్వింది మడతలక్క. “పోన్లెండి, వచ్చి చూశారు. ఇన్నేళ్ళలో చీటీ రాసినవాళ్ళు ఒక్కరైనా కిందకి దిగి నా మొహం చూడలేదు.”