నీడపట్టున పెరిగిన ఎముకలు

మా అత్త లింగవ్వకు డెబ్బై రెండేళ్లు. ఇప్పటికీ చెరుకు నరకడానికి పోతానంటుంది. పడితే ఎముక విరుగుతుందని చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది. బోధన్‌లో ఎముకల పరీక్ష క్యాంపు పెట్టారని తెలిసి, అక్కడి మిషనే ఈమె నోరు మూయిస్తుందనుకున్నాను. ఆటో ఎక్కేటప్పుడు చేయి పట్టబోతే విదిలించుకుంది. తోడుగా నా బిడ్డ త్రివేణి వచ్చింది.

పరీక్షలో సూది లేదు, నొప్పి లేదు. మడమకు చల్లటి జెల్ పూసి, కాలు డబ్బాలాంటి మిషన్లో పెట్టించారు. మనకు వినపడని శబ్దాన్ని ఎముకలోంచి పంపి గట్టిదనం చూస్తారట. ముసలామె ఎముకలు వయసుకు మించి బాగున్నాయని సిస్టర్ రుమానా చెప్పింది. మా అత్తకు మీసాలుంటే అక్కడే మెలేసేది.

నాకు ఒళ్లు మండింది. ఎలాగూ వచ్చాం కదా, పిల్లదీ చూడమన్నాను. ఇరవై నాలుగేళ్ల పిల్లకు ఏముంటుంది?

రుమానా చూసింది. జెల్ తుడిచి మళ్లీ పూసింది. రెండో కాలు కూడా పెట్టించింది.

"అక్కా, ముసలవ్వ కంటే ఈమె ఎముకలే బలం తక్కువున్నయి."

కాగితాలు మారాయని గొడవ చేశాను. మిషన్ చెడిపోయిందన్నాను. ఆమె ఓపికగా మళ్లీ చేసింది. మళ్లీ అదే వచ్చింది. ఇది మొదటి పరీక్షేనని, నిజామాబాద్‌లో పెద్ద స్కాన్, రక్త పరీక్ష చేయించమని చెప్పి, పిల్ల ఏం పని చేస్తుందని అడిగింది.

పదిహేనో ఏట నుంచి బీడీలు చుడుతుందన్నాను. చెరుకు తోటకు నేనే పోనివ్వలేదు. నా బిడ్డ నీడపట్టున బతకాలని ఒళ్లో చాట పెట్టి కూర్చోబెట్టాను. నీళ్ల బిందె కూడా ఎత్తనివ్వలేదు.

"మరి ఎండ తగుల్తదా ఈమెకు?"

ఎండ తగిలితే బీడీ చుట్టే తునికాకు పెళుసెక్కి విరుగుతుంది. అందుకే ఆకును తడిగుడ్డలో చుట్టి, పగలంతా తలుపు దగ్గరకేసి ఉంచేది నేనే. తొమ్మిదేళ్లుగా ఆకును కాపాడాను.

బయట ఆటో ఆగి ఉంది. మా అత్త చీర ఎత్తి చెక్కి, ఎవరి సాయమూ లేకుండా ముందు తనే ఎక్కింది. ఎక్కి, మనవరాలికి చేయి అందించింది.

"పైలంగ ఎక్కు బిడ్డా," అంది.