నాలుగు చూరుల నీళ్ళు

నేను ఒక మండువా ఇంటిని. బందరులో ఉప్పుగాలి కొట్టే వీధిలో నూట పదేళ్ళు నిలబడ్డాను. కట్టిన రోజు నుంచి చెబుతాను, వినండి. మర్యాదలు మాత్రం ఆశించకండి. మనుషులంటే నాకు పడదు.

నన్ను కట్టించిన కోటయ్య బట్టల వ్యాపారి. రంగూన్ టేకుతో పద్నాలుగు స్తంభాలు నిలబెట్టాడు. నాలుగు చూరుల నుంచి జారే వాన నడిమి గుంటలో పడి, తూర్పు తూములోంచి వీధి కాలవలోకి పోయేది. చుక్క కూడా నా పునాదిని తాకేది కాదు. ఆ తెలివి మునిమనవల దాకా రాలేదు.

ఆ మునిమనవలు గురునాథం, సోమలింగం అన్నదమ్ములు; పెద్దవాడు గురునాథం. ఇరవై ఏళ్ళ క్రితం వాటాలు పంచుకుని మండువా మధ్యలో గోడ లేపారు. తూము అన్న వైపు పడింది. గోడ అడుగున కన్నం వదలమని తమ్ముడు కబురు పంపాడు.

"వాడి మురుగు నా వాకిట్లోంచి పోవాలా?" అన్నాడు గురునాథం.

అప్పటి నుంచి ప్రతి వానకీ తమ్ముడి వైపు నీళ్ళు నిలిచి, నా పడమటి గోడ నానుతూనే ఉంది.

చివరికి ఎవరి వాటా వాళ్ళు అమ్మకానికి పెడితే, నన్ను చూడటానికి ఇద్దరు వచ్చారు. ఒకడు కలప వ్యాపారి. స్తంభాలు విప్పుకుని నన్ను నేలమట్టం చేస్తానన్నాడు. రెండో మనిషి రెహానా, పెడనలో అద్దకాల కార్ఖానా నడుపుతుంది. నన్ను బాగుచేయించి, మండువాలో బట్టలు ఆరేస్తుందట. ఆమె వెంట వచ్చిన సత్తార్ మేస్త్రి నా సున్నాన్ని గోటితో గీకి వాసన చూశాడు.

"ఇల్లు బతుకుద్దమ్మా. వానల్లోపు ఈ అడ్డుగోడ తీసేయాలి. లేకపోతే పడమటి గోడ కూర్చుంటది."

"కొనకముందు నేను చెయ్యి వేయకూడదు. మీరు తీయించండి, ఆ రోజే రాసుకుందాం," అంది రెహానా.

నాకు ఆశ పుట్టింది. ఈ వయసులో, సిగ్గులేకుండా.

"నేనెందుకు తియ్యాలమ్మా? ఆనాడు గోడ కట్టడానికి మేస్త్రిని తెచ్చింది వాడు!" అన్నాడు గురునాథం.

గోడ అవతలి నుంచి కేక వచ్చింది. "ఇటుకలు ఎవరు తెచ్చారో అడగండి ఆ పెద్దమనిషిని!"

"ముందు వాణ్ణి గునపం పట్టమనండి!"

"అన్నగారు పట్టాకే!"

రెహానా మూడుసార్లు వచ్చింది. గునపం ఎవరూ పట్టలేదు. జూన్ రెండో వారంలో మూడు రోజులు ముసురు పట్టింది. పడమటి గోడ నడుము విరిగినట్టు కూర్చుంది. నాలుగోసారి వచ్చిన రెహానా గుమ్మం దాటకుండానే వెళ్ళిపోయింది. మర్నాడు అన్నదమ్ములిద్దరూ ఒకే అరుగు మీద పక్కపక్కన కూర్చుని, ఒకే కలంతో కలప వ్యాపారికి సంతకాలు పెట్టారు. ఇరవై ఏళ్ళలో వాళ్ళకు కుదిరిన ఒకే ఒక్క ఏకాభిప్రాయం నా చావు.

ఇప్పుడు నాలో మిగిలింది ఒక్క స్తంభం. విజయవాడలో ఓ హోటల్లో, దీపాల మధ్య నిలబెట్టారు. జనం నన్ను ఆనుకుని ఫోటోలు దిగుతారు. మొన్న ఏదో పెళ్ళికి గురునాథం వచ్చాడు. నన్ను పైనుంచి కింద దాకా తడిమాడు.

"అబ్బ, ఏం టేకండీ! ఇలాంటి కొంప ఉన్నవాడు అదృష్టవంతుడు," అన్నాడు పక్కవాడితో.

నాకు నోరు లేదు. పదునైన పేడు ఒకటి ఉంది. అతని అరచేతిలో లోతుగా దించాను.